రెండున్నర చుట్లు

6వ తేదీ, సోమవారం

నాకేం కోపం లేదు. ముందు ఆ ముక్క రాసి పెట్టుకుంటే తర్వాత ఏం రాసినా నడుస్తుంది.

పొద్దున్న పిట్ట ప్రాక్టీసు నుంచి వచ్చి, బూట్లు గుమ్మంలోనే విదిలించేసి, "తాతా, నన్ను తీసుకున్నారు!" అని అరిచింది. శనివారం మన స్టేడియంలో అంతర్జాతీయ పోటీలు. ఆడవాళ్ళ పదిహేనువందల మీటర్ల పరుగు. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో వస్తున్నారట. నేను లేచి నిలబడ్డాను. మోకాలు పట్టేసింది, అయినా లేచాను. నా మనవరాలు దేశదేశాల వాళ్ళతో పరిగెడుతుందంటే కూర్చుని వినే సంగతా అది?

"ఎన్నో స్థానం వస్తుందే?" అన్నాను.

"స్థానం ఏమీ రాదు తాతా. నేను కుందేలుని."

కుందేలంటే ఏమిటో అప్పుడు చెప్పింది. మొత్తం పరుగు మూడు చుట్లూ ముప్పావు. అందులో మొదటి రెండున్నర చుట్లు ఇది అందరికంటే ముందుండాలి. ఎదురుగాలి ఇది తినాలి. వెనకాల ఒక పొడుగుపిల్ల వస్తుంది, ఏదో రికార్డు బద్దలు కొట్టడానికి విమానం దిగిన మహాతల్లి. ఆవిడకి కావలసిన వేగం ఇది పట్టి ఉంచాలి. రెండున్నర చుట్లయ్యాక పక్కకి జరిగి, ఆవిడకి దారిచ్చి, నిలబడిపోవాలి.

"నిలబడి?"

"నిలబడి చూస్తాను."

"చప్పట్లు కూడా నువ్వే కొట్టాలా?"

"కొడతాను. ఏం, చేతులు అరిగిపోతాయా?" అని స్నానానికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి కూనిరాగం కూడా వినిపించింది. ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు ఒక్క చోట కుదురుగా ఉండేది కాదని నేనే పిట్ట అని పేరు పెట్టాను. దాని అమ్మ, అంటే నా కూతురు, నర్సు. ఊరికి ఆ చివర ఆసుపత్రి క్వార్టర్సులో ఉంటుంది. స్టేడియం మా వీధి వెనకే కనక ఇది నా దగ్గర ఉంటుంది. గుడ్లు ఉడకబెట్టి, బూట్లు ఎండబెట్టి, తెల్లారకముందే లేపి పంపించినవాణ్ణి నేను. ఎందుకు? పిట్టని పట్టుకెళ్ళి కుందేలుని చేయడానికి. రేపు ఇంకే జంతువుని చేస్తారో.

కోపం కాదు. అడుగుతున్నాను, అంతే.

7వ తేదీ, మంగళవారం

ఈలమ్మ దగ్గరికి వెళ్ళాను. మెళ్ళో ఈల వేసుకుని తిరిగే కోచ్‌కి నేను పెట్టిన పేరది. మాట్లాడేటప్పుడు కూడా ఈల పళ్ళ మధ్యే ఉంటుంది. కోపమొస్తే మాట బదులు ఈల వస్తుంది.

"రండి పెద్దాయనా. మనవరాలి సంగతి విన్నారా?"

"విన్నాను. సగంలో ఆగిపోవడానికి అంతమందిలో మా పిల్లే దొరికిందా మీకు?"

"ఊరికే ఆగిపోదు. డబ్బులిస్తారు."

"డబ్బులిస్తే నేనూ నిలబడతాను. ఎక్కడ నిలబడాలో చెప్పండి."

ఈలమ్మ నవ్వలేదు. ఈల తీసి గుప్పిట్లో పట్టుకుంది. "ముందు పరిగెత్తేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఒకే వేగం పట్టేది నా దగ్గర ఇదొక్కతే. వెనకాల పిల్ల ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, దీని వీపు చూస్తే చాలు. శనివారం సరిగ్గా చేస్తే పెద్ద పోటీలన్నిటికీ దీన్నే పిలుస్తారు. తేడా వచ్చిందా, ఇక ఎవరూ పిలవరు. కుందేలుకి నమ్మకమే అన్నం."

"ఆగకుండా పరిగెత్తేస్తే? గెలవదా?"

"గెలవదు. ఇప్పుడు గెలవదు. మూడో చుట్టయ్యేసరికి దాని కాళ్ళు చేతులెత్తేస్తాయి."

కాళ్ళు చేతులెత్తడమేమిటో! ఇలాంటివాళ్ళ చేతిలో పిల్లల్ని పెడుతున్నాం.

ఇంటికొస్తూ ఆలోచించాను. ముందు నడిచి కనపడకుండా పోయే పని గురించి నాకు ఒకళ్ళు చెప్పాలా? నలభై ఏళ్ళు నాటకాల కంపెనీలో ప్రాంప్టర్ని. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాడికి మాట అందించడం నా ఉద్యోగం. బడి మొహం చూడనివాణ్ణి, చదువంతా డైలాగు కాయితాల మీదే. అందుకే నేను ఉప్పు అడిగినా రాజసభలో అడిగినట్టుంటుందని మా అమ్మాయి వెక్కిరిస్తుంది.

ఆ పనిలో రెండే విద్యలు. మొదటిది గొంతు. హాలంతా జనం ఉన్నా, తబలా మోగుతున్నా, ఎవరికి కావాలో వాడి చెవిలోనే పడాలి, పక్కవాడికి పడకూడదు. అది గట్టిగా అనడం కాదు, మెల్లగా అనడమూ కాదు. మాటని సన్నగా చేసి, గురి చూసి వదలడం. రెండోది కన్ను. నటుడు నోరు మూశాడంటే రెండు కారణాలుంటాయి. మరిచిపోయుండాలి, లేదా కావాలని ఆగుండాలి. మరిచినవాడికి అందించకపోతే వాడి పరువు పోతుంది. ఆగినవాడికి అందిస్తే వాడి ఆట పోతుంది. తేడా కళ్ళల్లో ఉంటుంది. మరిచినవాడి చూపు పక్కకి దొర్లుతుంది. ఆగినవాడి చూపు ముందుకే ఉంటుంది.

ఒకసారి ఒక సేనాపతి నిద్రపోతూ నిలబడ్డాడు. అది ఇంకో కథ. అప్పుడు చూపే లేదు.

8వ తేదీ, బుధవారం

రాజుగారు వచ్చాడు. జన్మంతా రాజు వేషాలు వేసి ఇప్పటికీ కుర్చీలో కాలు మీద కాలు వేసుకునే కూర్చుంటాడు. కంపెనీ పెట్టి అరవై ఏళ్ళయిందని ఫొటోలతో పుస్తకం వేశారట. ఒక కాపీ తెచ్చాడు.

"అందరూ ఉన్నారోయ్ ఇందులో! లైట్లవాడు, పెట్టెలు మోసినవాడు, చివరికి టిక్కెట్లు చింపినవాడు కూడా."

"నేను?"

"నువ్వు ఏ ఫొటోలోనూ పడలేదుగా. నేనేం చేసేది?" అని టీ జుర్రుకున్నాడు. "నువ్వు పడకపోవడమే నీ గొప్ప."

ఇంకో కప్పు కూడా తాగి వెళ్ళాడు.

పుస్తకం తిరగేశాను. పడ్డాను. ఒక ఫొటోలో రాజుగారు సింహాసనం ముందు నిలబడి ఉంటే, తెర అంచున ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా. బొటనవేలు కాస్త వంకర. అది ఎవరిదో, ఏం చేస్తోందో ఫొటో కింద రాయలేదు.

పుస్తకం అలమర మీద పెట్టాను. కోపం దేనికి.

9వ తేదీ, గురువారం

కాస్త తలనొప్పి. ఇంకేం లేదు.

10వ తేదీ, శుక్రవారం

గొడవయింది.

పిట్ట నాకు పాస్ తెచ్చింది. సామాన్యమైన పాస్ కాదు. చివరి మలుపు తిరిగి నేరుగా ముగింపు గీతకేసి వచ్చే చోట, కమ్మీ పక్కనే. రెండున్నర చుట్లు పూర్తయ్యేదీ, ఇది పక్కకి తప్పుకునేదీ సరిగ్గా అక్కడేనట. "నీ ముందే ఆగుతాను తాతా, బాగా కనపడుతుంది" అంది సంబరంగా.

నేను ఆగలేకపోయాను. "నువ్వు ఆగితే చూడ్డానికి నేనెందుకు? ఆగకు. పరిగెత్తు. నిన్ను ఎవరు పట్టుకుంటారో చూద్దాం."

"అది నా పని కాదు."

"మరి ఏది నీ పని? గొడుగు పట్టడమా?"

"అవును. గాలికి గొడుగు పట్టడమే. సరిగ్గా పట్టడం ఎవరికీ రాదు, నాకొచ్చు. నువ్వు ఒక్కసారి బాగుందే అంటే నీ సొమ్మేం పోయింది?"

"బాగుంటే అంటాను."

"నేను ఓడిపోతానన్నా సహిస్తావు, ముందు నడిచి తప్పుకుంటానంటే సహించవు. ఎందుకు తాతా?"

ఎందుకో నాకేం తెలుసు. గుడ్డు పొట్టు తీసుకుంటూ కూర్చున్నాను. అది పాస్ వెనక్కి లాక్కుంది. తర్వాత మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒక షరతు. అక్కడ నోరు తెరవకూడదు. నీ గొంతు నాకు ఎంత గోలలోనైనా వినపడుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. మాటిస్తావా?"

ఇచ్చాను. చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాను.

11వ తేదీ, శనివారం, సాయంత్రం

పొడుగుపిల్ల తన కాళ్ళకి తానే అడ్డం పడింది. నేను కమ్మీ పక్కనుంచి చూశాను. ఇంకెవరేం చెప్పినా అబద్ధం.

పిట్ట ఇంకా రాలేదు.

12వ తేదీ, ఆదివారం

రాలేదు. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిందట. మంచిదే. తల్లి దగ్గరికి పిల్ల వెళ్ళడంలో తప్పేముంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తుపాకీ పేలింది. పిట్ట మొదటి మలుపులోనే ముందుకొచ్చేసింది. దాని వెనక పొడుగుపిల్ల, ఆ వెనక మిగతా మంద. ఈలమ్మ మాట ఒకటి ఒప్పుకోవాలి, అడుగు తేడా లేదు. గడియారంలో ముల్లులా వెళ్ళింది. పొడుగుపిల్ల కళ్ళు దీని వీపు మీద అతుక్కుపోయి ఉన్నాయి. మొదటిసారి నా ముందు నుంచి వెళ్ళినప్పుడు నా వైపు చూడలేదు. రెండోసారీ చూడలేదు. నా పక్కన ఎవడో లావుపాటి మనిషి, "ఆ ముందుపిల్ల ఎవరండీ?" అని పక్కవాణ్ణి అడిగాడు. "ఎవరూ కాదండీ, కుందేలు" అన్నాడు వాడు.

ఎవరూ కాదట.

మూడోసారి మలుపు తిరిగి వచ్చింది. జనమంతా రికార్డు కోసం ఊపిరి బిగబట్టారు. పిట్ట ఊపిరి మామూలుగానే ఉంది. అలసిపోలేదు. నేను చూశానుగా, అలసిపోలేదు! బయటి వైపుకి, నా వైపుకి, ఒక అడుగు జరిగింది. లోపల ఖాళీ దొరికింది కదాని పొడుగుపిల్ల వేగం పెంచింది.

నేను ఒక్క మాటన్నాను. గట్టిగా కూడా అనలేదు. పక్కన లావుపాటి మనిషికి కూడా వినపడలేదు.

"ఆగకు."

అంతే. పిట్ట జరిగిన అడుగు మళ్ళీ లోపలికి వేసింది. అప్పటికే పొడుగుపిల్ల ఆ ఖాళీలో ఉంది. దాని కాలు పిట్ట మడమకి తగిలింది. పొడుగుపిల్ల పూర్తిగా పడలేదు, చెయ్యి నేలకి ఆనించి లేచింది. కానీ ఊపు పోయింది, రికార్డు పోయింది, వెనకనుంచి ఒక పొట్టిపిల్ల వచ్చి మొదటిస్థానం కూడా తన్నుకుపోయింది. పిట్ట గడ్డి మీద నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. అప్పుడు చూసింది నా వైపు.

ముందున్నవాళ్ళు కాస్త అటూ ఇటూ అయితే వెనకవాళ్ళు చూసుకోవాలి. కళ్ళున్నది అందుకే. వీధిలో సైకిలువాడు కూడా చూసుకుంటాడు.

13వ తేదీ, సోమవారం

పేపర్లో వేశారు. "కుందేలు కుట్రా?" అని. మీరు రాసే తెలుగుకి మీ మీదే కేసు పెట్టాలి. గెలవాలనే దురాశతో దారివ్వకుండా అడ్డంపడిందట. పొడుగుపిల్ల తరఫువాళ్ళు ఫిర్యాదు చేశారట. శుక్రవారం దాకా పిట్టని గ్రౌండులోకి రానివ్వరట, ఆ తర్వాత ఉంచాలో తీసెయ్యాలో ఈలమ్మ తేల్చి చెప్పాలట.

దురాశ! నా పిల్లకా? అది చిన్నప్పుడు దాగుడుమూతల్లో దొరకనివాడికి పాపం దొరకలేదని తానే వెళ్ళి దొరికిపోయేది.

పేపరు చింపి పొయ్యి దగ్గర పెట్టాను. టీ కాగడానికైనా పనికొచ్చింది.

14వ తేదీ, మంగళవారం

మా అమ్మాయి వచ్చింది, పిట్ట బట్టలకోసం. డ్యూటీ నుంచి నేరుగా, మొహం కందగడ్డలా చేసుకుని.

"అదేమంటోంది?" అని అడిగాను.

"ఏమీ అనడం లేదు నాన్నా. ఎవరడిగినా, అడుగు తప్పింది, నాదే తప్పు అంటోంది. కోచ్‌తోనూ అదే, ఫిర్యాదువాళ్ళతోనూ అదే. దానికి అడుగు తప్పడమేమిటి? నిద్రలో నడిచినా తప్పదు. ఏం జరిగిందక్కడ?"

"నాకేం తెలుసు. జనం గోల."

"నువ్వు నోరు తెరిచావా?"

"ఎంతమంది అరిచారో తెలుసా నీకు? స్టేడియం పగిలిపోయింది."

"నేను జనాన్ని అడగలేదు. నిన్నడిగాను."

"తండ్రిని నిలదీయడానికేనా నర్సు చదువు చదివించింది?"

అమ్మాయి సంచిలో బట్టలు కుక్కింది. పిట్ట దువ్వెన కనపడక సొరుగులన్నీ లాగింది. దువ్వెన నా అలమర మీద, ఫొటోల పుస్తకం పక్కనే ఉంది. నాకు తెలుసు. చెప్పలేదు. అది కూడా పట్టుకెళ్ళిపోతే ఇంట్లో ఇంకేముంటుంది.

గుమ్మం దగ్గర ఆగి, "నలభై ఏళ్ళల్లో ఏ నటుడైనా తప్పు నీ మీద పెట్టాడా నాన్నా?" అని అడిగింది.

"పెట్టారు. రాజుగారయితే ఎన్నిసార్లో. తాను మరిచిపోయి, నేను సరిగ్గా అందించలేదనేవాడు."

"నువ్వేమనేవాడివి?"

"ఏమీ అనేవాణ్ణి కాదు. అదంతే. తెర పక్కవాడు తెర ముందుకొచ్చి చెప్పుకుంటాడా?"

"మీ మనవరాలికి అచ్చం మీ బుద్ధే" అని వెళ్ళిపోయింది. ఎప్పుడూ నువ్వు అనే పిల్ల మీరు అంది. చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు.

15వ తేదీ, బుధవారం

నేను గట్టిగా అనలేదు.

16వ తేదీ, గురువారం

ఎవరి మీదా కోపం లేకుండా ఒక్కసారి రాసుకుందామని కూర్చున్నాను. మళ్ళీ లేచాను. పొయ్యి మీద గుడ్లు రెండు పెట్టాను. తర్వాత గుర్తొచ్చి ఒకటి తీసేశాను.

మలుపు తిరిగి వచ్చినప్పుడు పిట్ట చూపు ఎక్కడుంది?

ముందుకే ఉంది.

రాసేశాను. ఇక దీన్ని కొట్టెయ్యను. ఎక్కడికీ దొర్లలేదు దాని చూపు, నేరుగా ముందుకే ఉంది. ఏం చేస్తోందో దానికి తెలుసు. కావాలని ఆగుతున్నవాడికి నేను అందించాను. కొత్తగా చేరిన కుర్రకుంక కూడా చెయ్యని పని. ఎవడైనా నా కళ్ళముందు అలా చేసుంటే ఆ పూటే మూటా ముల్లే సర్దించి పంపేవాణ్ణి.

పళ్ళు కొరుక్కోవడానికి కూడా పళ్ళు సరిగ్గా లేవు నాకు.

17వ తేదీ, శుక్రవారం

పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాను. తిట్టడానికే వెళ్ళాను. ఒక పేజీకి సరిపడా తిట్లు దారంతా కూర్చుకున్నాను.

ఈలమ్మ కమ్మీ దగ్గర నిలబడి ఉంది. పొడుగుపిల్ల ఇంకా ఊళ్ళోనే ఉందట, పక్కన ఒళ్ళు విరుచుకుంటోంది. చీలమండకి పట్టీ. దగ్గర్నుంచి చూస్తే చిన్నపిల్లే. పిట్ట గ్రౌండుకి అవతలి వైపు, రాకూడదన్న గీత బయట, బెంచీ మీద కూర్చుంది. దాని తీర్పు చెప్పేది ఇవాళే కదా. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఏం పెద్దాయనా, మీరు కూడా ఫిర్యాదుకేనా?" అంది ఈలమ్మ.

"ఫిర్యాదే. మీ మీద, మీ పేపరువాళ్ళ మీద, రికార్డుల పిచ్చివాళ్ళందరి మీద. ఒక పిల్లని ముందు నిలబెట్టి, గాలంతా దానిచేత తాగించి, ఎవరూ కాదనడానికి మీకు నోరెలా వచ్చింది? దురాశట! అడుగు తప్పిందట! వారం నుంచి మీలో ఒక్కరికైనా అనుమానం రాలేదా, తప్పని అడుగు ఎందుకు తప్పిందని? దాన్ని పక్కకి జరగనివ్వకుండా పిలిచింది నేనైతే దానికి శిక్షేమిటి!"

కూర్చుకున్న తిట్లలో ఆ చివరి ముక్క లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చేసింది.

ఈలమ్మ ఈల నోట్లోంచి జారిపోయింది. "మీరా?"

"నేనే. ఆగకు అన్నాను. ఒక్క మాట."

"పెద్దాయనా, మనవరాలి మీద ప్రేమకొద్దీ చెప్తున్నారు, అర్థమైంది. అంత గోలలో, పరిగెత్తే మనిషికి, మీరన్న ఒక్క మాట వినపడిందా? నేను ఈల వేస్తేనే ఎవరికీ వినపడదు."

ఇన్నాళ్ళూ కాల్చిన కోపం ఒక ఎత్తు, ఆ ముక్కతో వచ్చింది ఒక ఎత్తు. నన్ను పాపివన్నా ఊరుకుందును. నా గొంతుని అంటుందా?

"గ్రౌండులో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" అన్నాను.

చాలామందే ఉన్నారు. ఒక పక్క బరువులు ధన్ ధన్ మని పడేస్తున్నారు. ఇంకో పక్క స్కూలు పిల్లలు గోలగోలగా పరిగెడుతున్నారు. గడ్డి కోసే మిషను గురగురమంటోంది. పిట్ట బెంచీ ఆ చివర ఉంది, వీపు మా వైపు పెట్టుకుని.

"మీ పిల్లల్ని ఇంకాస్త అరవమనండి" అన్నాను.

ఈలమ్మ కోపంగా ఈల వేసి చెయ్యూపింది. పిల్లలకి అరవమని ఒకరు చెప్పాలా, రెచ్చిపోయారు. నేను కమ్మీ పట్టుకున్నాను. నిక్కి నిలబడలేదు, చేతులు నోటి చుట్టూ పెట్టుకోలేదు. తెర పక్కన ఎలా నిలబడేవాణ్ణో అలాగే భుజం వాల్చి నిలబడి, మాటని సన్నగా చేసి, గురి చూసి వదిలాను.

పిట్ట తల తిప్పింది.

ఇంకెవరూ తిప్పలేదు. బెంచీ మీద దాని పక్కనే బూటు తాడు కట్టుకుంటున్న అమ్మాయి కూడా తలెత్తలేదు. నా మోచేతి దగ్గర నిలబడ్డ ఈలమ్మ నా మొహం చూస్తోంది, ఇంకా ఎప్పుడంటాడా అని. పిట్ట లేచి నిలబడి, కళ్ళు చిట్లించి నా వైపు చూశాక గానీ ఆవిడకి తెలియలేదు.

"అన్నారా? ఏమన్నారు?"

"మీకు వినపడిందా?"

"లేదు."

"అయితే అది మీకు కాదు."

ఈలమ్మ పిట్టకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది. తర్వాత పొడుగుపిల్ల దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని మాటలతో, ఎక్కువ చేతులతో చెప్పింది. నన్ను చూపించింది, నోరు చూపించింది, చెవి చూపించింది, పిట్ట వేసిన అడుగు తాను వేసి చూపించింది. పొడుగుపిల్ల నా దగ్గరికి వచ్చింది. నాకంటే రెండు చేతులు ఎత్తు. తిడుతుందనుకున్నాను, తిట్టడానికి నా దగ్గరా మిగిలే ఉన్నాయి. వేలు పెదాల మీద పెట్టుకుని, కళ్ళెర్రజేసి, "ష్" అంది.

ఆ వేలుకి అర్థం ఏ దేశంలోనైనా ఒకటే.

తర్వాత వెనక్కి తిరిగి, అవతలి బెంచీకేసి చెయ్యూపి, పిట్టని రమ్మంది. తన ముందు గీత మీద బూటు కాలితో తట్టి చూపించింది. ఇక్కడ, నా ముందు, అని. ఈలమ్మ ఏదో అనబోయి, ఈల నోట్లో పెట్టేసుకుంది.

ఇద్దరూ పరిగెత్తారు. నేను కమ్మీ దగ్గరే ఉన్నాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. పిట్ట ముందు, పొడుగుపిల్ల వెనక, ఇద్దరి అడుగుల చప్పుడూ ఒక్కటిగా వస్తోంది. మొదటిసారి నా ముందు నుంచి వెళ్ళారు. రెండోసారి వెళ్ళారు. మూడోసారి మలుపు తిరిగి వచ్చేటప్పుడు నా గొంతులో మాట అడ్డంపడింది. అబద్ధమెందుకు, పడింది. ఇంకా పరిగెత్తగలదు! ఎవరికేం తెలుసు! కమ్మీని వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకున్నాను.

పిట్ట చూపు ముందుకే ఉంది. నా వైపుకి ఒక అడుగు జరిగింది. ఇంకో అడుగు జరిగింది. పొడుగుపిల్ల ఆ ఖాళీలోంచి బాణంలా దూసుకుపోయింది. ఎవరి కాలూ ఎవరికీ తగల్లేదు.

నేను నోరు తెరవలేదు. నలభై ఏళ్ళల్లో అంత గట్టిగా నోరు మూసుకున్నది లేదు.

పిట్ట నా ఎదురుగా, కమ్మీ అవతల, మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతూ నిలబడింది. నేనున్నట్టే చూడలేదు. పొడుగుపిల్ల మలుపు తిరిగేదాకా చూసి చప్పట్లు కొట్టింది.

18వ తేదీ, శనివారం

వచ్చింది. సంచీతో సహా.

"ఇంటికి రమ్మన్నావు, వచ్చాను" అంది. "కోపం పోయి కాదు."

"నాకు మాత్రం పోయిందా?"

"నీకెందుకు కోపం?"

"ఉంటుంది. పెద్దవాళ్ళకి ఉంటాయి."

సంచి గది మధ్యలో పడేసి కూర్చుంది. ఈలమ్మ తీసెయ్యలేదట. వచ్చే పోటీలో తన ముందు పరిగెత్తడానికి పొడుగుపిల్ల దీని పేరే చెప్పిందట. నాకు మాత్రం పాస్ ఇవ్వొద్దని కూడా చెప్పిందట. "టీవీలో చూసుకో, అక్కడ ఎంత అందించినా ఫర్వాలేదు" అంది. నవ్వలేదు.

"బాగుందే" అన్నాను.

"ఏది?"

"నిన్న. జరగడం. బాగుంది."

అది లేచింది. దువ్వెన కోసం వెతికింది, అలమర మీద దొరికింది, దాంతోపాటు ఫొటోల పుస్తకం కూడా దింపింది. తల దువ్వుకుంటూ పేజీలు తిప్పింది. రాజుగారి సింహాసనం దగ్గర ఆగింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"ఈ చెయ్యి నీదే. బొటనవేలు వంకర."

"అవును."

"అరచెయ్యి అలా పెట్టావేమిటి? ఎవరికి చూపిస్తున్నావు?"

"రాజుగారికి. తొందరపడి తర్వాత మాట అనెయ్యబోతున్నాడు."

"ఏమని చూపిస్తున్నావు?"

అది తలెత్తి చూస్తూనే ఉంది, చూపు పక్కకి తిప్పకుండా.

"ఆగమని" అన్నాను. గుడ్లు పెట్టడానికి లేచాను. రెండు.